అప్పు నోటు మీద భార్య సంతకం కావాలి, పొలం దస్తావేజులో పేరు అక్కర్లేదా?

హిందూ కుటుంబాల్లో పెళ్ళయినంత మాత్రాన భర్త ఆస్తిలో సగం భార్యకి రాదు. భర్త చేసిన అప్పూ ఆమె నెత్తిన పడదు. ఎవరి పేరున రిజిస్టరైతే ఆస్తి వాళ్ళది, ఎవరు సంతకం పెడితే అప్పు వాళ్ళది.

మరి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో జరిగేదేంటి? రొయ్యల మేత అరువు తెచ్చినా, పొగాకు ఆకు కాల్చే బ్యారన్‌కి పెట్టుబడి తెచ్చినా నోటు మీద ఇంటావిడ సంతకం పెట్టిస్తారు. పొలం కొన్న దస్తావేజులో మాత్రం ఆమె పేరుండదు. ఈ అన్యాయం ఊరూరా మామూలైపోయింది.

సాక్షి సంతకానికి బాధ్యత లేదు. భర్త సంతకం కింద రెండో అప్పుదారుగానో, జామీనుగానో పెడితే మొత్తం బాకీ ఆమె ఒక్కదాని దగ్గరే వసూలు చేసుకోవచ్చు. సంతకం పెట్టే ముందు ఏ హోదాలో పెడుతున్నారో చదవండి. స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద అసలే వద్దు. దాన్ని నింపుకునే అధికారం పట్టుకున్నవాడికి చట్టమే ఇచ్చింది. ఆమె ఖాతా చెక్కు మీద ఆమె సంతకం చేసి ఇస్తే, అది బౌన్సయితే 138 సెక్షన్ కింద చెక్కు కేసు ఆమె మీదే.

అన్నిటికన్నా ఘోరం భర్త పోయాక జరిగేది. ప్రోనోటు మీద కోర్టుకెళ్ళడానికి గడువు మూడేళ్ళు. అది దాటకముందే, పెద్దకర్మ కూడా కాకుండానే, "ఊరికే లాంఛనానికమ్మా, నోటు తిరగరాసివ్వు" అని వచ్చేస్తారు. రాయకండి. భర్త ఒక్కడే సంతకం పెట్టిన అప్పైతే, ఆయన వదిలిపోయిన ఆస్తి మేరకే అది వసూలవ్వాలి, ఆమె జీతం, పుట్టింటి పొలం జోలికి రాకూడదు. తిరగరాసి సంతకం పెట్టారంటే అది ఆమె సొంత అప్పుగా మారుతుంది. వీలునామా లేకపోతే భర్త సొంత ఆస్తి భార్యకి, పిల్లలకి, ఆయన తల్లికి తలా ఒక సమాన వాటా. అత్తగారి వాటా చాలామందికి గుర్తుండదు.

పుట్టింటివాళ్ళకీ ఒక మాట. పసుపు కుంకుమ కింద పొలం ఇచ్చామని నోటిమాటగా అంటే చాలదు. ఇద్దరు సాక్షులతో గిఫ్ట్ దస్తావేజు రిజిస్టర్ చేసి, రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1-బిలో పేరు ఎక్కించాలి. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద అప్పుడది పూర్తిగా ఆమెది. ఇందులో ఒక మెలిక ఉంది. ఆమె పిల్లల్లేకుండా, వీలునామా రాయకుండా పోతే, తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన భూమి తండ్రి వారసులకి తిరిగి వెళ్తుంది. గిఫ్టుగా ఇచ్చింది మాత్రం భర్తకి, ఆయన లేకపోతే ఆయన వారసులకి పోతుంది. అందుకే వీలునామా రాయించండి.

అప్పులోళ్ళు గుమ్మంలోకి వచ్చాక ఇల్లు భార్య పేరున మార్చినా నిలవదు, వాళ్ళని ఎగ్గొట్టడానికి చేశారని కోర్టు రద్దు చేయొచ్చు. కొనేటప్పుడే ఆమె పేరు పెట్టండి. భర్త తన మీద జీవిత బీమా తీసుకుంటే 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల కోసమని రాయించాలి, ఆ సొమ్ము అప్పులోళ్ళకి అందదు. దరఖాస్తు నింపే రోజే ఆ ఫారం కూడా అడగండి, పాలసీ వచ్చాక అడిగితే కుదరదు.