సైన్స్ మిస్సుకి ఎండు రొయ్యలు

సెప్టెంబరు 5న టీచరుకి ఏమిచ్చినా చెల్లుతుంది. గులాబీ ఇచ్చినా సరే, ఐదు రూపాయల పెన్ను ఇచ్చినా సరే. రాధాకృష్ణన్ గారి పుణ్యమా అని 1962 నుంచీ ఆ రోజుకి ఒక పద్ధతి స్థిరపడిపోయింది. తిప్పలన్నీ ఏప్రిల్‌తోనే. పరీక్షలు ముగిసి, 23వ తారీఖున బడి మూసేలోపు టీచర్లందరికీ తలా ఒక బహుమతి ముట్టజెప్పాలట. ఈ ఆచారం మా నెల్లూరులోకి ఎవరు తెచ్చిపెట్టారో గానీ, మా అమ్మాయి ఐదో తరగతికి వచ్చేసరికి అది ఫీజుల పట్టికలో లేని ఫీజై కూర్చుంది.

ఏడుగురు టీచర్లు, ఒక ఆయమ్మ. తలకి వంద దాటడానికి వీల్లేదని మా ఆవిడ ఆర్డినెన్సు జారీచేసింది. ట్రంకు రోడ్డు ఫ్యాన్సీ షాపుల్లో వంద లోపు దొరికేవి చూస్తే, 'బెస్ట్ టీచర్' అని రాసిన కప్పులు, పెన్ను స్టాండ్లు, తలకిందులు చేస్తే లోపల మంచు రాలే గాజు బుడ్లు. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే ఆ మంచు బుడ్డి చేత్తో పట్టుకుని నిలబడ్డం నాకే ఎగతాళిగా అనిపించింది. పోనీ మలై కాజాలిద్దామా అంటే, ఎనిమిది డబ్బాలకి మా ఆర్డినెన్సు ఆగేది కాదు. ఇచ్చినా ఏం లాభం, నెల్లూరులో మనిషన్నవాడు మనిషన్నవాడికి ఇచ్చేది అదేగా.

ఎదురింటి టీచరమ్మ సలహా అడుగుదామని వెళ్ళాం. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మాట్లాడకుండా స్టూలెక్కి అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దించింది. అందులో పదకొండు గోడ గడియారాలు. ఒక్కదాంట్లోనూ బ్యాటరీ లేదు, ఏ రెండూ ఒకే టైం చూపించడం లేదు.

"వినాయకుళ్ళు ఇంకో పెట్టెలో ఉండారు. దించమంటారా?" అంది.

వద్దన్నాం.

"కప్పులు మాత్రం కొనబాకండి నాయనా. ఎర్ర పెన్నులు కొనియ్యండి. దిద్దేదీ వాళ్ళే, రీఫిల్ కొనుక్కునేదీ వాళ్ళే. గొంతు పోయినోళ్ళకి పటికబెల్లం, మిరియాలు పొట్లం కట్టియ్యండి. సుద్దముక్క పొడికి వేళ్ళు పగిలినోళ్ళకి కొబ్బరినూనె సీసా చాలు. ఏదిచ్చినా పిల్ల చేత నాలుగు ముక్కలు రాయించి పెట్టండి." అలా అంటూనే దేవుడి పటం వెనక నుంచి మడతలు పడిన ఒక నోట్‌బుక్ కాగితం తీసి చూపించింది. పెన్సిల్‌తో రాసుంది: 'టీచర్, మీరు కొట్టినా నాకు మీరే ఇష్టం. కానీ కొట్టకండి.'

అంతే, మా ఆవిడ కరిగిపోయింది. మనిషి మనిషికీ ఏం అవసరమో తెలుసుకుని మరీ ఇవ్వాలని తీర్మానమైంది. ఆ సమాచారం సేకరించే పని మా అమ్మాయికి అప్పజెప్పాం. అది వారం రోజులు బడికి పోయింది చదువుకోడానికి కాదు, నిఘాకి. తెలుగు మాస్టారిది ఎప్పుడూ బొంగురు గొంతు. హిందీ టీచరు ఎర్ర పెన్ను రోజుకొకరి దగ్గర అడిగి తీసుకుంటుంది, ఎవరిదీ తిరిగివ్వదు. డ్రిల్లు సారు విజిల్‌కి తాడు తెగి, కొబ్బరి పీచు తాడు కట్టుకున్నాడు. లెక్కల సారు ఇంట్లో వంట ఆయనే చేస్తాడు.

ఈ చివరి రహస్యం బయటపడగానే నాకు ఉదయగిరి గుర్తొచ్చింది. ఆ కొండల కింద చెక్క గరిటెలూ చెంచాలూ చెక్కే పని తరాలుగా సాగుతోంది. ఇప్పుడు ఎక్కువగా ఆడవాళ్ళే ఆకురాయి పట్టుకుని కూర్చుంటారు. పిడి చివర చిన్న పువ్వు చెక్కి ఉంటుంది చూడండి, ఆ పువ్వు కోసమైనా కొనొచ్చు. అక్కడున్న మా బావమరిదికి ఫోన్ చేసి మూరెడు గరిటె ఒకటి తెప్పించాను. లెక్కల సారు మురిసిపోయి, దాన్ని క్లాసులోనే కాగితం విప్పి పైకెత్తి చూపించాడట. ముందు బెంచీ వాళ్ళందరూ ఒక్కసారిగా చేతులు వెనక్కి పెట్టుకున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టరాదని స్పష్టంగానే చెప్పింది గానీ, గరిటె గురించి పిల్లలకి ఏ భరోసా ఇవ్వలేదు. ఎవరి తండ్రి ఆ ఆయుధం సరఫరా చేశాడో తెలిశాక మా అమ్మాయితో రెండ్రోజులు ఎవరూ మాట్లాడలేదు.

అది చిన్న సంగతి. అసలు సంగతి సైన్స్ మిస్సు.

ఆహార గొలుసు పాఠం చెబుతూ ఆ మిస్సు, "నాకు ఎండు రొయ్యలంటే ప్రాణం, మా ఊళ్ళో మంచివి దొరకవు" అని నోరు జారింది. మా అమ్మాయి ఆ మాట ఇంటికి మోసుకొచ్చి, సరిగ్గా మా అమ్మ చెవిలో వేసింది.

"మేయ్ అమ్మణ్ణీ, ఆ మిస్సుది యా ఊరు?"

"కదిరంట అవ్వా."

"కదిరా! పాపం, ఆడ సముద్రం యాడుండాది!" అని లేచింది మా అమ్మ. ఆ లేవడం మామూలు లేవడం కాదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మర బోట్లకి వేట నిషేధం, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఈ సంగతి ప్రభుత్వం కంటే మా అమ్మకే బాగా గుర్తు. ఏప్రిల్ మొదటి వారానికల్లా మైపాడు నుంచి బుట్ట పెట్టుకుని వచ్చే ఆవిడ దగ్గర రెండు నెలలకి సరిపడా సరుకు దించేస్తుంది. దించే ముందు పరీక్ష ఉంటుంది. పిడికెడు తీసి అరచేతుల్లో నలిపి ఊదుతుంది, ఇసక రాలితే బేరం లేదు. ఒకటి నోట్లో వేసుకుని కొరుకుతుంది, కరకరలాడకపోతే బేరం లేదు. అంత నిల్వలోంచి మంచివి ఏరి, తలలూ తోకలూ గిల్లి, పావు కిలో విడిగా పెట్టింది. ఒక సాయంత్రమంతా అదే పని. ప్రాక్టికల్ పరీక్షలకి కూడా అంత శ్రద్ధ ఎవరూ పెట్టరు.

ప్యాకింగ్ దగ్గర ఇల్లు రెండుగా చీలింది. మా ఆవిడ గట్టి మూత ఉన్న హార్లిక్స్ సీసా తెచ్చింది. సీసా ఇస్తే అందరూ ఊరగాయ అనుకుంటారు, గిఫ్టంటే డబ్బానే అని మా అమ్మాయి మొరాయించింది. ఉగాదికి ఎవరో ఇచ్చిన మలై కాజా డబ్బా ఖాళీగా ఉంది, దాంట్లో పెడదామంది.

"అట్టపెట్టె అత్తా, వాసన ఆగదు," అంది మా ఆవిడ.

"ఏం వాసన? మంచి వాసనేగదా!" అంది మా అమ్మ.

ఓటింగులో డబ్బా గెలిచింది. పైన ఎర్ర రిబ్బను కట్టారు.

2025 ఏప్రిల్ 11, శుక్రవారం. మరుసటి రోజు రెండో శనివారం, ఆ పైన ఆదివారం, సోమవారం అంబేద్కర్ జయంతి. వరసగా మూడు సెలవులొస్తే కదిరి మనిషి ఆగుతుందా? ముందురోజు సాయంత్రమే బస్సెక్కేసింది. మా అమ్మాయి డబ్బా పట్టుకుని నిలబడి ఉంటే క్లాస్ టీచరు జాలిపడి, "నేను ఇస్తాలేమ్మా, కాజాలేగా, పాడవ్వవు" అని తీసుకుని స్టాఫ్ రూము బీరువాలో పెట్టింది. ఆ అరలోనే తరగతి మొత్తం ప్రోగ్రెస్ కార్డులున్నాయి. వాటి మీదే పెట్టింది. బీరువాకి తాళం వేసింది, గదికీ వేసింది. పైన రేకుల కప్పు.

మంగళవారం పొద్దున ఆయమ్మ తలుపు తీసి, మళ్ళీ వేసేసింది.

ఎలక చచ్చిందన్నారు. ఆ రోజు ఏప్రిల్ 15. సముద్రంలో వేట ఆగిన రోజే స్టాఫ్ రూములో వేట మొదలైంది. డ్రిల్లు సారు కొత్త తాడు కట్టిన విజిల్ మెడలో వేసుకుని, కర్ర పట్టుకుని బల్లల కింద దూరాడు. ఆయమ్మ ఫినాయిలు పోసింది. హిందీ టీచరు అగరొత్తులు వెలిగించింది. మూడు వాసనలూ కలిశాక పెద్ద మేడమ్ బయటే కుర్చీ వేయించుకుంది. బీరువా తాళం చెవి ఉన్న క్లాస్ టీచరు పదింటికి వచ్చింది.

రిబ్బను విప్పింది తెలుగు మాస్టారు. ఆయన ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగరు. "కాజాలు పులిసినట్టున్నాయి, పాపం ఎవరిచ్చారో" అంటూ మూత తీశాడు. తీసినవాడు తీసినట్టే డబ్బా బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గరికి నడిచి, జేబులోంచి మనం ఇచ్చిన పటికబెల్లం ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడట. ఆ ముక్కలో మా పరువు కొంచెం నిలబడిందనే అనుకుంటున్నాను. లోపలి చీటీ మాత్రం లెక్కల సారు గట్టిగా చదివాడు: 'మిస్, మీకు ఇవంటే ప్రాణమని చెప్పారు కదా. మా అవ్వ సాయంత్రమంతా కూర్చుని మీ కోసం తలలు గిల్లింది.' కింద మా అమ్మాయి పేరు, సెక్షను, రోలు నంబరు.

మధ్యాహ్నం దిగిన మిస్సు మాత్రం డబ్బాని గుండెకి హత్తుకుందని ఆయమ్మ స్వయంగా చెప్పింది. డబ్బా వెళ్ళిపోయింది, వాసన వెళ్ళలేదు.

23న ప్రోగ్రెస్ కార్డులు పంచారు. ఆ సాయంత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మార్కుల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. 'బడిలో వంట మొదలుపెట్టారా?' అని ఒకరు. 'మా పిల్లి కార్డు ఎత్తుకుపోయింది, డూప్లికేట్ ఇస్తారా?' అని ఇంకొకరు. ఒక శాకాహారి కుటుంబం కార్డుని చీపురుపుల్లతో తిప్పి మార్కులు చూసుకుంది. మూడు సబ్జెక్టులు తప్పిన ఒక కుర్రాడు మాత్రం బతికిపోయాడు. వాళ్ళ నాన్న కార్డు మొదటి పేజీ దాటలేదు.

తల్లిదండ్రుల సంతకంతో జూన్ 12న బడి తెరవగానే ఆ కార్డులు తిరిగివ్వాలి. కాబట్టి ఆ వేసవంతా మా వీధిలో ఎండకి వేసినవి వడియాలూ, ప్రోగ్రెస్ కార్డులూ. కొందరు సాంబ్రాణి పట్టారు. కొందరు పాండ్స్ పౌడర్ చల్లారు. ఎవరో మిద్దె మీద కార్డుకి గుర్రపు నాడా బరువు పెట్టారు, అది దిష్టికో గాలికో నేను అడగలేదు.

ఇంత జరుగుతున్నా మా అమ్మ చలించలేదు. కార్డు ముక్కు దగ్గర పెట్టుకుని, "పన్నెండు రోజులైనా వాసన పోలేదంటే చూడు, సరుకు ఎట్టాంటిదో" అంది. ఆమెని కదిలించింది ఇంకొకటి. మిస్సు మా అమ్మాయికి థాంక్స్ చెబుతూ మా ఆవిడ ఫోనుకి కూర ఫోటో పంపింది. మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ఈ ఎర్రంగా ఉండాదేంది?"

"టమాటా వేసిందంట అత్తా."

"టమాటానా! వంకాయ లేదూ? మామిడికాయ కాలంలో మామిడికాయ ముక్క లేదూ? నేను ఏరి ఏరి ఇస్తే టమాటాలో ఏసిందా!" అని ఫోను పక్కన పెట్టేసి చాలాసేపు గోడ వైపు చూసింది. రాత్రి అన్నం దగ్గర తేరుకుంది.

"పోనీలే, ఎండువి ఆమెకి చేతకాలా. కార్డులకి వాసన పట్టింది గూడా ఎండువి గాబట్టే. జూన్ 14 దాటనీ, బోట్లు పోతాయి. అమ్మణ్ణి చేత పచ్చి రొయ్యలు పంపిద్దాం."