మా వాడికి కల వచ్చింది

దసరా సెలవులకు మా వాడు హాస్టల్ నుంచి వచ్చాడు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఆ రాత్రి గోంగూర పప్పు కలిపి పెట్టాను. రెండు ముద్దలు తిన్నాడు. మూడోది చేతిలో ఉండగానే గోడకు తల ఆనించి నిద్రపోయాడు. చెయ్యి కడిగి పడుకోబెడితే మర్నాడు పదకొండింటికి లేచాడు. "అమ్మా, నాకు కల వచ్చింది. పాత ఇంట్లో జామచెట్టు ఎక్కాను. కల వచ్చి ఎన్నాళ్లయిందో" అన్నాడు.

అప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

వాళ్ల హాస్టల్లో స్టడీ అవర్ రాత్రి పదకొండు దాకా. పొద్దున నాలుగున్నరకి విజిల్. పక్క మీద ఉండేది మహా అయితే ఐదున్నర గంటలు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లోనే చెప్పింది.

కలలు ఎక్కువగా వచ్చే నిద్రను రెమ్ నిద్ర అంటారు. మూసిన రెప్పల కింద కళ్లు గబగబా కదులుతుంటాయి. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్తలు దీని గురించి రాశారు. ఇది దాదాపు గంటన్నరకోసారి వస్తుంది, తెల్లవారే కొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. తెల్లవారుజాము కల నిజమవుతుందని మా అమ్మమ్మ అనేది. గుర్తుండే కలలు ఎక్కువగా వచ్చేది కూడా ఆ వేళకే. సరిగ్గా అప్పుడే విజిల్ వేస్తే ఆ నిద్రలో పెద్ద వాటా కోత పడుతుంది. పగలంతా చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. చదువు కోసమని ఆ నిద్రనే కోసేస్తున్నాం.

"బ్రాహ్మీ ముహూర్తంలో లేచి మేం చదవలేదా?" అంటారు పెద్దవాళ్లు. మా తాతయ్యా నాలుగింటికే లేచేవారు. కానీ రాత్రి ఎనిమిదింటికల్లా నడుం వాల్చేవారు. ఆయన లేచిన టైం పట్టుకుని, పడుకున్న టైం వదిలేశాం. పైగా మా వాడి వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఒంట్లో ఆలస్యంగా ఊరుతుంది. పొద్దున్నే లేవలేకపోవడం బద్ధకం కాదు, వయసు. కాలిఫోర్నియాలో 2019లో దీనికోసం చట్టమే చేశారు. 2022 జులై నుంచి, గ్రామీణ జిల్లాల్లో తప్ప, హైస్కూళ్లు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టకూడదు.

వార్డెన్‌కు ఫోన్ చేస్తే "అందరూ లేస్తున్నారు కదమ్మా, మీకెందుకు టెన్షన్" అన్నారు. వాళ్లెలా ఉన్నారో నేను బస్టాండులో చూశాను. సెలవులకు ఇళ్లకు పోయే పిల్లలు పెట్టెల మీద తలలు పెట్టి పడిపోయారు. బస్సు వచ్చిందని ఒకణ్ణి కండక్టరు భుజం పట్టి కుదిపితే, "ప్రెజెంట్ సార్" అంటూ లేచాడు. నాకు ఏడుపు ఆగలేదు.

చేర్పించేటప్పుడు ఫీజు అడిగాం, ర్యాంకులు అడిగాం, ఏసీ ఉందా అని అడిగాం. రాత్రి లైట్లు ఎన్నింటికి ఆపుతారని నేను అడగలేదు. అది నా తప్పే.

ఈ ఆదివారం పేరెంట్స్ మీటింగ్. పదింటికి లైట్లు ఆపమని, ఆరింటికి లేపమని అడగబోతున్నాను. ఇంటర్ పిల్లలున్న తల్లిదండ్రులు మీ మీటింగుల్లో కూడా ఇదే అడగండి. మా వాడి బ్యాచ్ పిల్లల తల్లిదండ్రులెవరైనా ఇది చదువుతుంటే, పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర ఉంటాను, నాతో రండి.