జువెంటస్‌కి సెరీ బీ ఏమీ విహారయాత్ర కాదు

ఇటలీ ఫుట్‌బాల్ క్లబ్ జువెంటస్ ఆటగాళ్లు ఐదుగురి ఫొటో ఒకటి ఏటా తిరుగుతూనే ఉంటుంది: బుఫాన్, డెల్ పియెరో, నెద్వెద్, ట్రెజెగె, కమొరనేసి. కింద రాసేది ఇంచుమించు ఇదే: "2006లో రిఫరీల కుంభకోణం తర్వాత జువెంటస్‌ని ఇటలీ రెండో డివిజన్ సెరీ బీకి నెట్టేశారు. స్టార్లంతా టీమ్‌తోనే ఉండిపోయారు. ఒక్క మ్యాచ్ ఓడకుండా ఏడాదిలో పైకొచ్చేశారు. శిక్ష పేరుకే."

స్టార్లంతా ఉండిపోయారా? ఫొటోలో ఉన్న ఐదుగురూ ఉన్నారు, అంతే. కన్నవారో, ఎమెర్సన్ కోచ్ కపెల్లోతో పాటు రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయారు. ఇబ్రహిమోవిచ్, వియెరా ఇంటర్‌కి. థురాం, జాంబ్రొట్టా బార్సిలోనాకి. కొత్త కోచ్ డెషాంప్ మార్కిజియో లాంటి కుర్రాళ్లను దింపాల్సి వచ్చింది.

ఇక ఓడలేదన్న మాట శుద్ధ అబద్ధం. 42 మ్యాచుల్లో 28 గెలుపులు, 10 డ్రాలు, 4 ఓటములు. సెప్టెంబరు 9న మొదటి మ్యాచే రిమినిలో. బెర్లిన్‌లో ఇటలీ ప్రపంచ కప్ ఎత్తి అప్పటికి సరిగ్గా రెండు నెలలు. పారో గోల్‌తో జువెంటస్ ముందుకెళ్తే, రికియుటి దాన్ని 1-1 చేసి వదిలాడు. శిక్షలో పాయింట్ల కోత కూడా ఉంది, అప్పటికి అది 17 కాబట్టి, ఆ రాత్రి పట్టికలో జువెంటస్ పేరు పక్కన మైనస్ 16 ఉంది. తర్వాత మాంటోవా, బ్రెషా, బారి, స్పెజియా చేతుల్లో ఓడింది.

చివరి రెండు ఓటములూ ప్రమోషన్ ఖాయమయ్యాక వచ్చినవే, డెషాంప్ కూడా అప్పటికే రాజీనామా చేసి వెళ్లిపోయాడు. కానీ "ఎలాగూ గెలిచేశాం కదా" అనే ఆ ఆట ఇంకొకరి కొంప ముంచింది. స్పెజియా జువెంటస్ సొంతూరు ట్యూరిన్‌కి వచ్చి 3-2తో గెలిచి ప్లేఔట్‌కి (కింది డివిజన్‌కి పడిపోకుండా ఆడే పోటీకి) చేరింది, అక్కడ వెరోనాను ఓడించి డివిజన్‌లో నిలిచింది. దాని వెనక ఒకే ఒక్క పాయింటు తేడాతో అరెజ్జో కిందికి పడిపోయింది. అరెజ్జో కోచ్ ఎవరో కాదు, జువెంటస్ మాజీ కెప్టెన్ ఆంటోనియో కాంటే. పాత టీమ్ మీద మండిపడ్డాడు, పడడా మరి! 2012లో అదే జువెంటస్‌కి మొదటి డివిజన్ సెరీ ఏ టైటిల్ తెచ్చిపెట్టిన కోచ్ కూడా ఆయనే.

అసలు చూడాల్సింది శిక్ష లెక్క. మొదట విధించిన కోత 30 పాయింట్లు. అప్పీల్‌లో 17కి దిగింది, అక్టోబరు చివర్లో మధ్యవర్తుల దగ్గర 9 అయింది. మైదానంలో సంపాదించింది 94, కోత పోగా 85. నాపోలీకి 79, జెనోవాకి 78, నాలుగో స్థానంలో పియాచెంజాకి 68. మూడు, నాలుగు స్థానాల మధ్య 10 పాయింట్ల తేడా ఉంది కాబట్టి ఆ ఏడు ప్లేఆఫ్ (ప్రమోషన్ కోసం ఆడే అదనపు పోటీ) లేకుండానే ముగ్గురూ పైకెళ్లారు.

అదే 17 కోత నిలిచి ఉంటే? జువెంటస్‌కి 77, అంటే మూడో స్థానం. పియాచెంజాతో తేడా 9. ఆ ఒక్క పాయింటు తగ్గినందుకు ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చేది. 30 నిలిచి ఉంటే 64తో పియాచెంజా కన్నా కింద. నిజమే, ఇది కాగితం మీది లెక్కే, పరిస్థితి అలా ఉంటే చివరి రెండు మ్యాచులు అంత తేలిగ్గా వదిలేవాళ్లు కాదు. అయినా విహారయాత్రకి వెళ్లినవాళ్లకి ఇంత టెన్షన్ ఉండదు. అప్పటికే 2004-05, 2005-06 టైటిళ్లు రెండూ పోయాయి. రెండోదాన్ని ఇంటర్‌కి ఇచ్చేశారు.

శిక్ష తేలికైందని కోపం రావాలంటే మిలాన్ క్లబ్ మీద రావాలి. అదే కుంభకోణంలో 8 పాయింట్ల కోతతో సెరీ ఏలోనే ఉండిపోయి, 2007 మేలో ఏథెన్స్‌లో చాంపియన్స్ లీగ్ కూడా ఎత్తుకుపోయింది. దాని ఫొటో ఎవరూ షేర్ చేయరెందుకో.