వెబ్ భాషను గెలిపించేది హోస్టింగ్ లెక్కే

వెబ్‌సైట్లు తయారుచేయడానికి వాడే పీహెచ్‌పీ మంచి ప్రోగ్రామింగ్ భాషేనా అన్న వాదన ఏళ్ల తరబడి తెగడం లేదు. ఫంక్షన్ల (అందులో సిద్ధంగా ఉండే ఆదేశాల) పేర్లకు ఒక పద్ధతి లేదని, వాటికిచ్చే ఆర్గ్యుమెంట్ల (వివరాల) వరుస ఒక్కోచోట ఒక్కోలా ఉంటుందని వెక్కిరించేవాళ్లు చెప్పేది చాలావరకు నిజమే. అయినా సర్వర్ భాష ఏదో తెలిసిన వెబ్‌సైట్లలో సగానికి పైగా ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి. దీనికి కారణం భాషలో వెతికితే దొరకదు. ఒక్క సర్వర్‌లో ఎంతమంది కస్టమర్లను సర్దవచ్చు అని హోస్టింగ్ కంపెనీ, అంటే సైట్లకు తన సర్వర్లలో చోటు అద్దెకిచ్చే కంపెనీ, వేసుకునే లెక్కలో దొరుకుతుంది.

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే మెషీన్ మీద వందల సైట్లు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం రోజంతా దాదాపు ఖాళీయే. ఎవరూ చూడని సైట్ మెమరీ తినకూడదు, ఒకరి కోడ్ కూలితే పక్కవాడి సైట్ పడిపోకూడదు. ఈ రెండూ కుదిరితేనే తక్కువ ధరకు అమ్మగలరు. పెర్ల్ అనే భాషతో రాసిన సీజీఐ స్క్రిప్టులు (పేజీ అడిగినప్పుడు సర్వర్ విడిగా నడిపే చిన్న ప్రోగ్రామ్‌లు) ఈ పరీక్షలో నెగ్గాయి కానీ, ప్రతి రిక్వెస్టుకూ, అంటే పేజీ అడిగిన ప్రతిసారీ, కొత్త ప్రాసెస్ పుట్టాల్సి రావడంతో నెమ్మదించాయి. పెర్ల్‌ను వెబ్ సర్వర్‌లోనే కలిపేసే మాడ్‌పెర్ల్ ఆ ఇబ్బందిని తీర్చింది. అయితే అది పేజీలు అందించే అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ లోపలి భాగాలను ప్రోగ్రామర్ చేతికి ఇచ్చేస్తుంది. అద్దెకున్న ప్రతి ఒక్కరికీ ఇంటి మెయిన్ స్విచ్ అప్పగించడానికి ఏ యజమాని ఒప్పుకుంటాడు? జావా భాషకైతే దాని కోడ్‌ను నడిపే జేవీఎం అనే ప్రోగ్రామ్ ఎప్పుడూ మేలుకొని ఉండాలి.

రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో బయటపెట్టిన పీహెచ్‌పీ ఈ లెక్కలో చక్కగా ఇమిడింది. అపాచీలోనే మాడ్యూల్‌గా ఉంటుంది, రిక్వెస్టు రాగానే స్క్రిప్టును నడిపి పేజీ ఇస్తుంది, వాడిన మెమరీని తుడిచేస్తుంది. అనుభవం లేనివాడు రాసిన చెత్త కోడ్ కూడా ఆ ఒక్క రిక్వెస్టుతోనే చచ్చిపోతుంది. కస్టమర్‌కు మిగిలే పనల్లా ఎఫ్‌టీపీ (ఫైళ్లను సర్వర్‌కు పంపే పద్ధతి) ద్వారా ఫైల్ పెట్టడమే. 2003లో పీహెచ్‌పీతో రాసిన, బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్ వచ్చేసరికి దాదాపు ప్రతి చౌక ప్లాన్‌లోనూ పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సిద్ధంగా ఉన్నాయి.

వెబ్‌సైట్లు త్వరగా కట్టడానికి 2004లో రూబీ భాషకు రూబీ ఆన్ రైల్స్, 2005లో పైథాన్ భాషకు జాంగో అనే ఫ్రేమ్‌వర్కులు వచ్చాయి. రాయడానికి హాయిగా ఉన్నాయని ప్రోగ్రామర్లు మురిసిపోయారు. సైట్‌ను సర్వర్‌లోకి ఎక్కించేటప్పుడు మొదలయ్యేది అసలు టెన్షన్. ఒక్కో రైల్స్ ప్రాసెస్ ఎవరూ రాకపోయినా పదుల మెగాబైట్లు పట్టుకుని కూర్చునేది. షేర్డ్ హోస్టింగ్‌లో అది నడవడం గగనమైంది. రూబీకి ఊపిరి పోసినవాటిలో 2007లో మొదలైన హెరోకూ అనే హోస్టింగ్ సేవ ఒకటి. గిట్ పుష్ అనే ఒక్క ఆదేశంతో కోడ్ పంపితే చాలు, మిగతాది అదే చూసుకునేది. 2008లో వచ్చిన అలాంటి సేవే గూగుల్ యాప్ ఇంజిన్ మొదట పైథాన్ ఒక్కటే ఇచ్చింది. అది కావాలన్నవాళ్లు అప్పట్లో పైథాన్‌లో రాయాల్సి వచ్చేది.

భాషనే కాదు, దాని వెర్షన్‌నూ హోస్ట్‌లే శాసించారు. పీహెచ్‌పీ 5 వచ్చింది 2004లో. సాఫ్ట్‌వేర్లు పాతదాని మీద నడుస్తున్నాయని హోస్ట్‌లు 4నే ఉంచారు, హోస్ట్‌లు 4నే ఉంచారని సాఫ్ట్‌వేర్లు కొత్త సదుపాయాలు వాడలేదు. ఈ ముడి విప్పడానికి 2008 ఫిబ్రవరి 5ను గడువుగా పెట్టుకుని అనేక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టులు ఉమ్మడిగా ఉద్యమం నడపాల్సి వచ్చింది.

ప్రోగ్రామ్‌నూ దానికి కావాల్సినవన్నీ కలిపి కంటైనర్ అనే ఒకే మూటగా కట్టే డాకర్ వచ్చాక ఈ గొడవంతా ముగిసిందనే మాట వింటుంటాం. సర్వర్లు చూసుకునే మనిషి ఉన్న టీముకు అది నిజమే. ఒంటరిగా చిన్న సైట్ పెట్టుకునేవాడికి మాత్రం కాదు. కంటైనర్‌లో ఏ భాషైనా పెట్టుకోవచ్చు, కానీ దాన్ని అప్‌డేట్ చేస్తూ కాపలా కాయాల్సింది తనే.

పైగా పాత లెక్క సర్వర్‌లెస్ (సర్వర్‌ను మనం చూసుకోకుండా, కోడ్ నడిచినంతకే డబ్బు కట్టే పద్ధతి) రూపంలో తిరిగి వచ్చింది. వాడనప్పుడు ఖర్చు ఉండకూడదు, అడగ్గానే లేవాలి. 2014లో నోడ్‌తో (సర్వర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌తో) మొదలైన అమెజాన్ వారి సర్వర్‌లెస్ సేవ ఏడబ్ల్యూఎస్ లాంబ్డాలో త్వరగా మేలుకునే జావాస్క్రిప్ట్, పైథాన్‌లకు సహజంగానే మొగ్గు దక్కింది. నిద్ర లేవడానికి తంటాలు పడే జావా కోసం 2022లో స్నాప్‌స్టార్ట్ అనే ప్రత్యేక ఏర్పాటు చేయాల్సి వచ్చింది. విడ్డూరమేమిటంటే, రిక్వెస్టు రాగానే పుట్టి పని కాగానే పోయే పద్ధతిలోనే పెరిగిన పీహెచ్‌పీకి లాంబ్డా అధికారిక జాబితాలో చోటు దక్కలేదు. 2018లో సొంత రన్‌టైమ్ (కోడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) తెచ్చుకునే వీలు కల్పించాక, దాన్ని అక్కడికి చేర్చే పని పీహెచ్‌పీ ప్రోగ్రామర్లే నెత్తిన వేసుకున్నారు.