ఆరున్నొక్క రాగం: ఒక గంభీర పరిశీలన

తెలుగుకి 2008లో ప్రాచీన భాష హోదా వచ్చింది. దాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తోచినట్టు లేదు కాబట్టి, కనీసం ఒక్క మాటనైనా పరిశోధించి పెడదామని నేనే పూనుకున్నాను. మాట చిన్నది. రెండక్షరాలు: ఏడు.

అది అంకె. సంవత్సరమూ అదే. ‘నీ ఏడుపు నువ్వేడు’ అని ఆజ్ఞాపించాలన్నా అదే. పూర్వం సంవత్సరానికి అరసున్న పెట్టి ‘ఏఁడు’ అని రాసి, కాస్త మర్యాద పాటించేవారు. అరసున్నని వదిలించుకున్నాక ఆ మర్యాదా పోయింది. పక్క రాష్ట్రాలవాళ్లు ముందుచూపున్నవాళ్లు. తమిళులు అంకెను ‘ఏళు’ అనీ, ఏడవమనడానికి ‘అళు’ అనీ వేరువేరుగా ఉంచుకున్నారు. కన్నడిగులూ అంతే. మనం మాత్రం ‘కోళి’ని కోడి చేసిన ఊపులోనే ‘ఏళు’ని ఏడు చేసి, లెక్కల్ని తీసుకెళ్లి ఏడుపులో కలిపాం. ఏడో ఎక్కం దగ్గర పిల్లలు నీళ్లు నమిలేది ఇందుకే. ‘ఏడేళ్లు నలభై తొమ్మిది’లో అంకె ఎంతవరకు, ఏడాది ఎక్కణ్ణించి అన్నది చెప్పడం మేష్టార్ల వల్ల కూడా కాదు.

ముప్పుని ముందుగా పసిగట్టింది వ్యాపారస్తులు. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనడానికి బదులు ‘లాభం’ అని మొదలుపెట్టే మనిషి, ఆరు దాటాక నోరారా ‘ఏడు’ అంటాడా? ‘ఆరున్నొకటి’ అని దాటేశాడు. జనం ఊరుకోలేదు, ఏడుపుకే ‘ఆరున్నొక్క రాగం’ అని పేరు పెట్టేశారు. 72 మేళకర్తల్లో మాత్రం దీనికి ఇంతవరకు చోటు దొరకలేదు. ఇది అన్యాయం. ఆరోహణ బ్రహ్మాండంగా ఉంటుంది, అవరోహణ ఎవరైనా చాక్లెట్ ఇస్తే తప్ప రాదు. గురువు అక్కర్లేదు, సాధన అక్కర్లేదు, నెలల పిల్లలు కూడా శ్రుతి తప్పరు.

పెళ్లిలో సంగతి చూడండి. ఏడడుగులు నడిపించాక అప్పగింతలు పెట్టారంటే మన పెద్దలు క్రమం తెలిసినవాళ్లే. ఈమధ్య ఒక పెళ్లిలో పెళ్లికూతురి తల్లి పాలలో ముంచిన కూతురి చేతుల్ని వియ్యపురాలి చేతుల్లో పెట్టి బావురుమంది. వీడియో కుర్రాడు ‘అమ్మా, కొంగు అడ్డమొచ్చింది, ఇంకోసారి’ అన్నాడు. ఆవిడ కొంగు సర్దుకుని, ముక్కు తుడుచుకుని, లైటు వైపు తిరిగి రెండోసారి ఏడ్చింది. రెండోదే బాగా వచ్చిందని అందరూ అన్నారు.

మూడర్థాలూ ఒకేచోట కలిసే పుణ్యక్షేత్రం ఏలినాటి శని. ఏడున్నర ఏళ్లు. మిగతాది విడిగా చెప్పక్కర్లేదు.

అయితే నా పరిశోధనలో తేలిన అసలు విషయం వేరు. తెలుగులో ఈ క్రియకి కన్నీటితో పెద్దగా పని లేదు. తాళాలు కనపడకపోతే ‘ఎక్కడేడ్చాయో’ అంటాం. అవి సోఫా కింద హాయిగానే ఉంటాయి. కవిత వినిపిస్తే ‘ఏడ్చినట్టుంది’ అంటాం. ఇంత క్లుప్తమైన సాహిత్య విమర్శ ఇంకే భాషలోనైనా ఉందా అని నా అనుమానం. ఇక అన్నిటికన్నా కీలకం విభక్తి. ‘కోసం’ చేరిస్తే అది దుఃఖం: పోయినవాళ్ల కోసం ఏడుస్తాం, పదో రోజుకి సర్దుకుంటాం. ‘మీద’ చేరిస్తే అది జీవితాంతం సాగే వృత్తి. తోడల్లుడు ఫ్లాట్ కొంటే అతని మీద, ఎదురింటి పిల్లకి అమెరికా వీసా వస్తే ఆ పిల్ల మీద. దీనికి కళ్లు తడవాల్సిన పని లేదు. స్వీటు తింటూ, ‘చాలా సంతోషం వదినా’ అంటూ కూడా ఏడవొచ్చు. కొంతమంది నిష్ణాతులు గృహప్రవేశానికి వెళ్లి, భోంచేసి, బాత్రూమ్ టైల్స్ తట్టి చూసి మరీ ఏడ్చి వస్తారు.

ఎదుటివాడు తన మీద ఏడుస్తున్నాడన్న నమ్మకం తెలుగువాడికి ఎంత బలమంటే, దాన్ని పెయింటుతో రాయించుకుంటాడు. మొన్న మా సందు మలుపులో ఒక ఆటో ఆగి ఉంది. సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది, ఒక అద్దానికి ప్లాస్టర్ చుట్టారు. వెనక ఎర్రక్షరాలతో ‘నన్ను చూసి ఏడవకురా’ అని ఉంది. ఏడిచేవాళ్లెవరా అని చుట్టూ చూశాను. ఫైనాన్స్ వాడొక్కడే, చేతిలో వాయిదాల పుస్తకంతో, డ్రైవర్ కోసం నిలబడి ఉన్నాడు.