రెండుసార్లు అడిగాక పలకకపోతే రానట్టే లెక్క

పెళ్లి పిలుపు అందింది, చూశారు కూడా. వస్తున్నారా అంటే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా కేటరింగ్ వాళ్లు తుది లెక్క అడుగుతారు, సాధారణంగా వారం పది రోజుల ముందే. అప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఒకటే: పలకనివాళ్లలో సగం మంది వస్తారులే అని ఒక అంకె వేసేయడం. ఆ సగం ఎవరో ఎవరికీ తెలియదు.

అంచనాలు మానేయండి. రెండుసార్లు అడగండి, అప్పటికీ పలకకపోతే రానట్టే రాసుకోండి. ఆ సంగతి వాళ్లకే చెప్పండి.

పెళ్లికి మూడు వారాల ముందు తేదీ ఒకటి జవాబుకు గడువుగా పిలుపులోనే ఉండాలి. కేటరింగ్ గడువుకూ దానికీ మధ్య కనీసం వారం మిగలాలి. గడువు దాటిన మర్నాడే ఎవరికి వారికి విడిగా మెసేజ్ పెట్టండి: "మీ ఇంటి నుంచి ఎంతమంది వస్తున్నారు?" "వస్తున్నారా?" అంటే "చూద్దాం" అనేస్తారు, అంకె అడిగితే ఇంట్లో మాట్లాడుకోక తప్పదు. మూడు రోజులకీ పలకకపోతే ఫోన్. అది వాళ్లతో చనువున్నవాళ్లే చేయాలి. ఎత్తలేదా, చివరి మెసేజ్: "మిమ్మల్ని రానివారిలో రాసుకున్నాం. వీలైతే ఆదివారంలోగా చెప్పండి, సంతోషంగా చేర్చుకుంటాం."

బొటనవేలి బొమ్మ జవాబు కాదు. "వస్తాం" అంటే ఇద్దరా, పిల్లలతో కలిపి నలుగురా? పెద్దలెందరు, పిల్లలెందరు, ఎవరు మాట్లాడారు, ఏ రోజు అన్నవి జాబితాలో ఉండాల్సిందే. చెప్పకుండా దిగేవాళ్ల కోసం పేర్లు రాయని బల్ల ఒకటి, పది కుర్చీలతో అట్టేపెట్టండి.

పిలవడం వరకే మన వంతు, ఇలా వెంటపడటం ఏం మర్యాద అనేవాళ్లున్నారు. రావడం మానడం వాళ్లిష్టమే. కానీ వాళ్ల కుర్చీకి డబ్బు కట్టేది మీరు.

అసలు తెగులు పిలుపులోనే ఉంది. ఒకే బొమ్మను వందలమందికి ఒక్క నొక్కుతో పంపితే అది ప్రకటన, ప్రకటనకు ఎవరు బదులిస్తారు? శుభాకాంక్షలూ పరామర్శలూ కూడా ఫార్వర్డ్‌లైపోయిన రోజుల్లో పేరు పెట్టి "మీ ఇద్దరికీ చోటు ఉంచాం" అని రాస్తే ఆ పిలుపు వేరుగా కనిపిస్తుంది. పైగా ఈ మౌనంలో చాలావరకు నిర్లక్ష్యం కాదు, మొహమాటం. రాలేమని చెప్పలేక నోరు మూసుకుంటారు. "రాలేకపోతే ఆ మాటే చెప్పండి, ఏమీ అనుకోం" అని ముందే రాసేయండి. "అదేం కుదరదు, రావాల్సిందే" అని నిలదీసే పెద్దవాళ్లకు మాత్రం ఫోన్ల పని అప్పజెప్పకండి.