ఆగిన చోటు నుంచే సాగాలి

అక్టోబరు వచ్చిందంటే ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల వారి చూపు ఆకాశం మీదే ఉంటుంది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు పడిన అవస్థ ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. ఈలోగా కచేరీల్లోని దస్త్రాలు అనేకం బీరువాల నుంచి కంప్యూటర్లలోకి చేరాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కావడంతో, బరంపురంలోనో పర్లాకిమిడిలోనో స్థిరపడిన తెలుగు కుటుంబం తాతల నాటి భూమి మీద హక్కు చూపాలంటే ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు ఇరువైపులా ఉన్న రికార్డులు తిరగేయక తప్పని సందర్భాలు నేటికీ ఉన్నాయి. అటువంటి రికార్డులకు బ్యాకప్ టేపులు, అంటే నకళ్లు దాచే అయస్కాంత టేపులు, ఉన్నాయన్న ఒక్క మాటతో మేము తృప్తిపడలేకపోతున్నాం. కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్లో వాటిని తిరిగి డిస్కు మీదికి తెచ్చే పని నడుమ ఆగిపోతే ఏం చేస్తారన్నది మా ప్రశ్న.

టేపును పాతకాలపు వస్తువని చిన్నచూపు చూడనక్కరలేదు. 2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరు జీమెయిల్ ఖాతాదారుల ఉత్తరాలు డిస్కుల మీది నకళ్లతో సహా మాయమైనప్పుడు, గూగుల్ వాటిని టేపుల నుంచే వెనక్కి తెచ్చింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని దేజాన్ ప్రభుత్వ డేటా కేంద్రం అంటుకున్నప్పుడు, ఉద్యోగులు దస్త్రాలు దాచుకునే 858 టెరాబైట్ల నిల్వ వేరేచోట నకలు లేక పోయింది.

అయితే టేపు నుంచి చదవడానికి పట్టే కాలాన్ని ముందే లెక్క వేసుకోవాలి. ఎల్‌టీవో అనే బ్యాకప్ టేపుల రకంలో తొమ్మిదో తరమైన ఎల్‌టీవో-9 టేపులో కుదింపు లేకుండా 18 టెరాబైట్లు పడతాయి. డ్రైవు ఎక్కడా తడబడకుండా సెకనుకు 400 మెగాబైట్ల పూర్తి వేగంతో చదివినా, ఒక్క టేపు పూర్తికావడానికి పన్నెండున్నర గంటలు పడుతుంది. ఒకే డ్రైవుతో అలాంటివి పది చదవాలంటే అయిదు రోజుల పైమాటే. చిన్నచిన్న ఫైళ్లు లక్షల్లో ఉండి డిస్కు అంత వేగాన్ని అందుకోలేకపోతే టేపు ఆగి, కొంత వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు కదులుతుంది. ఆ లెక్కన గడువు ఇంకా పెరుగుతుంది. తుపాను వెళ్లిన వారంలో అయిదు రోజులపాటు రెప్పపాటైనా కరెంటు పోదని మన జిల్లాల్లో ఎవరు పూచీపడగలరు?

ఈ కష్టం మాకు అనుభవమే. మా పాత ఛాయాచిత్రాలను టేపుల నుంచి తెచ్చుకుంటున్న ఒక రాత్రి కరెంటు పోయింది, కాసేపటికి యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. తెల్లవారి చూస్తే ఫోల్డర్లు నిండుగా, ఫైళ్ల పేర్లన్నీ వరుసగా కనిపించాయి. తిత్లీ నాటి ఒక ఫోటో తెరిస్తే పైసగంలో మొవ్వు విరిగిన కొబ్బరిచెట్లు, కిందిసగమంతా బూడిదరంగు. అలా సగంలో తెగిన ఫైళ్లు ఇంకెన్ని ఉన్నాయో పేర్లను బట్టి చెప్పడం ఎవరి తరమూ కాలేదు. సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ నడిపితే అది మొదటి ఫైలు నుంచి మొదలుపెట్టింది. మా ఫోటోలు కొన్నాళ్లు ఆలస్యమైతే మాకు కలిగే నష్టం స్వల్పం. ఒక రైతు భూమి పత్రం అలా కిందిసగం లేకుండా మిగిలితే, ఆ సంగతి అతను కోర్టు మెట్లెక్కిన రోజున గానీ బయటపడకపోతే, దానికి ఎవరు జవాబుదారీ?

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. మొత్తం పునరుద్ధరణను ఒకే పనిగా నడపకుండా టేపుల వారీగా, టేపు లోపల గుంపుల వారీగా విడగొట్టి, ఒక్కో గుంపు ముగియగానే దాని ఫైళ్ల చెక్‌సమ్‌లను (ఫైలులో ఏ మార్పు వచ్చినా మారిపోయే గుర్తు సంఖ్యలను) బ్యాకప్ నాటి జాబితాతో సరిపోల్చి, ముగిసినట్టు వేరొక యంత్రంలో నమోదు చేస్తే, కరెంటు పోయినా పోయేది ఆ ఒక్క గుంపు శ్రమే. ఏ ఫైలు ఏ టేపులో ఎక్కడ ఉందో చెప్పే క్యాటలాగ్‌కు ఒక నకలు వేరే ఊళ్లో తప్పనిసరిగా ఉండాలి. అది సర్వర్‌తోపాటే పోతే, టేపులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివి దాన్ని తిరిగి కట్టుకోవలసి వస్తుంది, అంటే రోజుల తరబడి పని అదనం. పాత డ్రైవుల సంగతీ చూసుకోవాలి. ఎల్‌టీవో-8 డ్రైవు ఎల్‌టీవో-7 టేపును చదువుతుంది గానీ ఎల్‌టీవో-6 టేపును చదవదు. పాత డ్రైవును తుక్కు కింద అమ్మే ముందు దానితో రాసిన టేపులన్నీ కొత్తవాటి మీదికి మారాయో లేదో ఒక అధికారి సంతకం చేసి చెప్పాలి.

రెండు రాష్ట్రాల సరిహద్దు జిల్లాల కలెక్టర్లను మేము కోరేది ఒక్కటి. ఈ అక్టోబరులోపే మీ రికార్డుల టేపు ఒకటి తీయించి, ఖాళీ డిస్కు మీదికి పునరుద్ధరణ మొదలుపెట్టించి, పని సగంలో ఉండగా మీ కళ్లెదుటే దాన్ని ఆపించండి. మళ్లీ మొదలుపెట్టడానికి ఎంతసేపు పట్టిందో, ఎన్ని ఫైళ్లు సరిపోయాయో, ఎన్ని తేడా వచ్చాయో రాయించి, ఆ కాగితాన్ని కార్యాలయం నోటీసు బోర్డు మీద తెలుగులోనూ ఒడియాలోనూ అంటించండి.